పీఎస్ఏ పరీక్ష దండగ అనే ఆ మెసేజ్ ఇక పంపకండి

"పీఎస్ఏ పరీక్ష పచ్చి మోసం" అంటూ ఒక మెసేజ్ నెలల తరబడి తిరుగుతోంది. పీఎస్ఏ అంటే మగవాళ్లలో మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి తయారుచేసే ఒక ప్రొటీన్; రక్తంలో అది ఎంత ఉందో చూసి ప్రోస్టేట్ క్యాన్సర్ అనుమానం ఉందో లేదో తేలుస్తారు. బాగా చదువుకున్న మిత్రులే మళ్లీ మళ్లీ పంపుతుంటే ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

ఆ మెసేజ్ ప్రకారం ఈ పరీక్షకు రక్తం పరగడుపునే ఇవ్వాలట. అక్కర్లేదు.

పీఎస్ఏ అంకె (మిల్లీలీటరు రక్తానికి నానోగ్రాముల్లో) 4 దాటితే క్యాన్సరేనట. కాదు. వయసుతో ప్రోస్టేట్ పెరిగినా, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా, ఈమధ్యే మూత్రానికి గొట్టం వేసినా అంకె పెరుగుతుంది. అందుకే కొన్ని వారాలు ఆగి మళ్లీ చూస్తారు.

4 లోపు ఉంటే నిశ్చింతేనట. 2004లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో, 4 దాటనివాళ్లకు కూడా బయాప్సీ (గ్రంథి నుంచి చిన్న ముక్క తీసి చూసే పరీక్ష) చేస్తే సుమారు 15 శాతం మందిలో క్యాన్సర్ కనిపించింది. పైగా ప్రోస్టేట్ పెరిగినందుకు ఏడాదిగా ఫినాస్టరైడ్ బిళ్లలు వాడుతున్న మనిషికి అంకె దాదాపు సగానికి పడిపోతుంది. రిపోర్టులో 3 ఉంటే దాన్ని 6గా చదవాలి. బిళ్లల సంగతి డాక్టరుకు చెప్పకపోతే ఆ 3 చూసి అందరూ హాయిగా ఇంటికి వెళ్లిపోతారు.

"అనవసరంగా ఎందరికో ఆపరేషన్లు చేశారు" అన్న మాట మాత్రం నిజం, ఒప్పుకుంటాను. నెమ్మదిగా పెరిగే క్యాన్సర్లకు కూడా కోత పెట్టి, మూత్రం ఆపుకోలేని స్థితికి తెచ్చిన రోజులున్నాయి. 1970లో ప్రోస్టేట్ యాంటిజెన్ అనే ప్రొటీన్‌ను గుర్తించిన అమెరికా శాస్త్రవేత్త రిచర్డ్ ఆబ్లిన్ స్వయంగా 2010లో ఒక వ్యాసం రాసి, ఈ పరీక్షను అందరికీ చేసేయడాన్ని తీవ్రంగా తప్పుపట్టారు. కానీ చికిత్స తర్వాత దీని అవసరం ఉందని ఆయనే అదే వ్యాసంలో రాశారు. మెసేజ్ రాసిన మహానుభావులకు ఆ వాక్యం కనబడలేదు కాబోలు!

ఎందుకంటే వాళ్ల చివరి సలహా, "ఆపరేషన్ అయ్యాక ఒంట్లో బాగుంటే పరీక్షలు మానేయండి" అని. నాకు ఒళ్లు మండింది ఇక్కడే. ప్రోస్టేట్ మొత్తం తీసేశాక పీఎస్ఏ రక్తంలో దాదాపు కనబడకూడదు. 0.03 ఉన్నది 0.1 అయి, 0.2 చేరి, మరోసారి చూసినా తగ్గకపోతే క్యాన్సర్ తిరగబెట్టిందని లెక్క. అప్పటికి నొప్పి ఉండదు, నీరసం ఉండదు, స్కాన్‌లో కూడా ఏమీ కనబడకపోవచ్చు. రేడియేషన్ ఇస్తే బాగా పనిచేసే సమయం కూడా అదే. ఒంట్లో బాగాలేదని తెలిసేసరికి అది ఎముకల దాకా పాకి ఉండొచ్చు.

మొదటే రేడియేషన్ తీసుకున్నవాళ్లకు లెక్క వేరు. గ్రంథి లోపలే ఉంటుంది కాబట్టి అంకె సున్నాకు రాదు. అన్నిటికన్నా తక్కువగా వచ్చిన అంకె మీద 2 పెరిగితే తిరగబెట్టినట్టు. ఏ లెక్కకైనా ముందు రక్తం ఇవ్వాలి కదా! మీరు పంపింది చదివి మీ బాబాయో మామయ్యో పరీక్ష మానేసి ఉంటే, ఇవాళే ఫోన్ చేసి వెళ్లమని చెప్పండి.