అవును, నేను చెవుల మెకానిక్‌నే

ఇప్పుడే గృహప్రవేశం భోజనాల నుంచి వచ్చా. గోంగూర కూడా సరిగ్గా తినలేదు, అంత మండిపోయింది. బంతిలో మా పెదనాన్న గారు జేబులోంచి ఓ చెవి మిషన్ తీసి, అందరికీ వినపడేలా, "అమ్మాయ్, నువ్వు చెవుల మెకానిక్‌వి కదా, ఇది కుయ్యిమంటోంది, బాగుచెయ్" అన్నారు. నాది ఆడియాలజీ, అంటే వినికిడి పరీక్షించే చదువు. బంతి బంతంతా నవ్వింది. మా నాన్న కూడా నవ్వాడు. అక్కడ ఇంకా కాలింది.

ఆ మిషన్ ఆన్‌లైన్‌లో ఆఫర్‌లో కొన్నారట, 1,400 రూపాయలకి. అది హియరింగ్ ఎయిడ్ కాదు మహాప్రభో, ఉత్త యాంప్లిఫైయర్. వయసు మీద పడ్డాక చాలామందికి ముందుగా వినపడటం తగ్గేది పై ఫ్రీక్వెన్సీలు, అంటే సన్నటి కీచు శబ్దాలు. బస్సు హారన్, పెద్దమ్మ కేకలు శుభ్రంగా వినపడతాయి, స, ష, త, క లాంటివి జారిపోతాయి. అందుకే "వినపడుతోంది గానీ అర్థం కావట్లేదు" అంటారు. ఈ డబ్బా ఏం చేస్తుంది? మాటనీ, పక్కనున్న స్టీలు గ్లాసుల చప్పుడునీ కలిపి పెంచేస్తుంది. చెవిలో వదులుగా ఉంటే శబ్దం బయటికి కారి మళ్ళీ మైకులో దూరుతుంది, అదే ఆ కుయ్యిమనడం. ఇంత చెబుతుంటే "సర్లే, మళ్ళీ క్లాసు మొదలెట్టింది" అని అప్పడం విరుచుకున్నారు.

సరే, మెకానిక్కే అనుకుందాం. ఆ మెకానిక్ పని ఏంటో తెలుసా? గాలి కూడా లోపలికి రానట్టుండే గదిలో మనిషిని కూర్చోబెట్టి, 250 హెర్ట్జ్ నుంచి 8000 దాకా ఒక్కో చోట ఆయన వినగలిగే అతి చిన్న శబ్దం ఎంతో పట్టుకోవాలి. ఒక చెవికి పెట్టిన శబ్దాన్ని రెండో చెవి దొంగచాటుగా వినేస్తుంది, మన చుట్టాల్లాగే. దాన్ని ఆపడానికి ఆ రెండో చెవిలో హోరు పెట్టాలి. మాస్కింగ్ అంటారు. ఆ లెక్కలు తేలక మా బ్యాచ్‌లో ఏడవనివాళ్ళు లేరు.

మా డిగ్రీ బీఏఎస్ఎల్‌పీ, అంటే వినికిడి, మాట సమస్యల చదువు. నాలుగేళ్ళ కోర్సు, చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. చెబితే "ఓ, బీఏనా" అంటారు. అనాటమీ ఉంది, ధ్వనిశాస్త్రం ఉంది, భాషాశాస్త్రం, సైకాలజీ ఉన్నాయి. మైసూరులో ఆయిష్ అని ఈ చదువు చెప్పే జాతీయ సంస్థ 1960ల నుంచి ఉంది. మన సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోనే అలీ యావర్ జంగ్ వినికిడి సంస్థ రీజనల్ సెంటర్ ఉంది. రోజూ బోయిన్‌పల్లి మీదుగా తిరిగే మా మావయ్యకి పక్కనున్న బిర్యానీ హోటళ్ళన్నీ తెలుసు గానీ ఇది తెలీదు. అవును, నీట్‌లో సీటు రాకే ఇందులో చేరా. అయితే? ఆ టాపిక్ అక్కడితో ఆపండి.

ఇంకో రకం ఉన్నారు. రెండు వారాల ట్రైనింగ్ తీసుకుని, తెల్లకోటు తొడుక్కుని, షాపు తెరిచి "ఫ్రీ చెవి పరీక్ష" బోర్డు పెట్టేవాళ్ళు. ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ అంటే తెలియదు వాళ్ళకి. 1992 ఆర్‌సీఐ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా ప్రాక్టీస్ చేస్తే ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. జరిమానా ఎంతనుకుంటున్నారు? వెయ్యి రూపాయల దాకా! మా పెదనాన్న డబ్బా ఖరీదు కూడా కాదు. ఇంక ఎవడు భయపడతాడు?

అయినా నా కోపం ఈ మెకానిక్ మాట మీద కాదు, షాపుల మీదా కాదు. పాతది ఒకటుంది.

మా బాబాయి కొడుకు ఏడాది నిండినా పిలిస్తే తిరిగేవాడు కాదు. తలుపు దభాలున పడ్డా ఉలిక్కిపడేవాడు కాదు. పిన్ని భయపడి చెవి పరీక్ష చేయిద్దామంటే, ఇదే పెదనాన్న, ఇదే గొంతుతో, "మగపిల్లలకి మాటలు లేటే. నేను నాలుగేళ్ళకి గానీ మాట్లాడలేదు. వస అరగదీసి నాలిక్కి రాయండి" అన్నారు. (ఆ నాలుగేళ్ళ బాకీ ఇప్పుడు వడ్డీతో సహా తీరుస్తున్నారు, మేం వింటున్నాం.) ఇంటికి పెద్దాయన అన్నాక బాబాయి ఇంక నోరెత్తలేదు. వస రాశారు. తాయెత్తు కట్టారు. పరీక్ష తప్ప అన్నీ అయ్యాయి.

చివరికి మూడున్నరేళ్ళకి బెరా అనే వినికిడి పరీక్ష చేయించారు. పిల్లాడు నిద్రలో ఉండగా నుదుటి మీద, చెవుల వెనక ఎలక్ట్రోడ్లు అంటించి, చెవిలో టక్ టక్ శబ్దం పెడతారు. నరం స్పందిస్తే స్క్రీన్ మీద అలలు లేస్తాయి, ముఖ్యంగా ఐదో అల కోసం చూస్తాం. మావాడికి గీత చదునుగా ఉంది, రెండు చెవుల్లోనూ. పసిగుడ్డుకి కూడా చేసే పరీక్ష ఇది! నెలలోపు స్క్రీనింగ్, మూడు నెలలకి నిర్ధారణ, ఆరు నెలలకల్లా చికిత్స మొదలవ్వాలని మాకు మొదటి ఏడాదే నూరిపోస్తారు. మావాడికి నెలలు కాస్తా ఏళ్ళయ్యాయి.

కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే వినికిడి పరికరం) పెట్టించాక "ఇంక రేపట్నుంచి గలగలా మాట్లాడతాడు" అన్నారు, మళ్ళీ ఆయనే. వాడికిప్పుడు ఐదేళ్ళు, వినికిడి వయసు, అంటే వినడం మొదలెట్టి, ఏడాది. పిన్ని రోజూ నోటికి అడ్డంగా అట్టముక్క పెట్టుకుని "బస్సు" అంటుంది. వాడు పెదాలు చూడకుండా, చెవితోనే విని బొమ్మల్లోంచి బస్సు తీయాలి. లారీ తీస్తాడు. మళ్ళీ "బస్సు". మళ్ళీ లారీ. పిన్ని స్కూల్లో ఉద్యోగం మానేసింది. పెదనాన్న గారేం మానేశారు? సలహాలు మాత్రం కాదు.

ఇవాళ సాయంత్రం ఫ్యామిలీ గ్రూపులో వస పొడి వీడియో ఒకటి ఫార్వర్డ్ చేశారు, కింద దణ్ణం ఎమోజీలు వరసగా. పిన్ని కూడా ఉన్న గ్రూపు అది! నేను బయటికొచ్చేశా. అమ్మ ఫోన్ చేసి, పెద్దాయన బాధపడతారు, మళ్ళీ చేరమంటోంది. చేరను.