తోటి విద్యార్థులకు పాఠం చెబితే పీఈటీ అయిపోతారా?

బడిలో ఆటలు నేర్పే పీఈటీలను, అంటే వ్యాయామ ఉపాధ్యాయులను, తయారుచేసే బీపీఎడ్‌లో టీచింగ్ ప్రాక్టీస్ ఎలా జరుగుతుందో ఆ కోర్సు చేసినవాళ్లను అడిగి చూడండి, ముందు నవ్వుతారు. మొదటి పాఠాలు కాలేజీ గ్రౌండ్‌లోనే, తోటి విద్యార్థుల మీదే. ఇరవై రెండేళ్ల కబడ్డీ ఆటగాడు ఏడో తరగతి పిల్లాడిలా వరసలో నిలబడతాడు, ఇంకొకతను విజిల్ ఊది సావధాన్, విశ్రామ్ అంటాడు, వార్మప్ చేయిస్తాడు, వాలీబాల్‌లో అండర్‌హ్యాండ్ పాస్ ఎలా ఇవ్వాలో డెమో చూపిస్తాడు, చివర్లో ఓ సరదా ఆట ఆడించి పంపేస్తాడు. ఆ పాస్ ఇవ్వడం అక్కడ అందరికీ ముందే వచ్చు. లెక్చరర్ రికార్డు మీద సంతకం పెడతారు. అల్లరి లేదు, ఏడుపు లేదు, 'సార్, కడుపునొప్పి' అని పక్కకు వెళ్లి కూర్చునేవాళ్లు లేరు. పిల్లలు లేని పిల్లల పాఠం అన్నమాట.

తర్వాత బడికి పంపరా అంటే పంపుతారు. కానీ ఎంతసేపు? 2014లో టీచర్ల శిక్షణ కోర్సులను నియంత్రించే ఎన్‌సీటీఈ నిబంధనలు మార్చినప్పుడు బీఎడ్, బీపీఎడ్ రెండూ రెండేళ్ల కోర్సులయ్యాయి. బీఎడ్ వాళ్లకు 20 వారాల ఫీల్డ్ వర్క్ పెట్టారు, అందులో 16 వారాలు బడిలోనే ఉండాలి. ఆ 16 వారాలైనా సరిగ్గా జరుగుతాయా అనేది వేరే గొడవ, ఇంకోసారి మాట్లాడుకుందాం. బీపీఎడ్ దగ్గరికొచ్చేసరికి లెక్క ఎక్కువగా పాఠాల్లో నడుస్తుంది. ఇన్ని లెసన్లు అయ్యాయా, రికార్డు రాశావా, బయటి ఎగ్జామినర్ వచ్చి చూసి మార్కులేశారా, అంతే. అయిదారు పాఠాలు చెప్పి వచ్చేసిన అబ్బాయికి ఏ పిల్ల ఎందుకు ఆడటం లేదో ఎలా తెలుస్తుంది?

ఆ కాస్త సమయంలోనైనా నేర్చుకోనిస్తారా అంటే అదీ అనుమానమే. ట్రైనీలు వచ్చారంటే హెడ్మాస్టర్లకు పండగ. సెలవు పెట్టిన టీచర్ క్లాసులో కూర్చోమంటారు, ఆగస్టు 15 దగ్గర్లో ఉంటే మార్చ్‌పాస్ట్ చేయించమంటారు, మధ్యాహ్న భోజనం దగ్గర లైన్లు చూసుకోమంటారు. పక్కన నిలబడి 'ఇలా కాదు బాబూ, ఇలా చెప్పు' అనాల్సిన పీఈటీ సారు అప్పటికే జోనల్ గేమ్స్‌కి టీమ్ తీసుకుని వెళ్లిపోయి ఉంటారు, లేదా ఆలస్యంగా వచ్చిన పిల్లల్ని గేటు దగ్గర నిలబెట్టే పనిలో ఉంటారు. ఆయన తప్పు కూడా కాదులెండి, ట్రైనీని తీర్చిదిద్దినందుకు ఆయనకు ఎవరూ ఒక పీరియడ్ తగ్గించరు, ఒక రూపాయి ఇవ్వరు.

దీనికి వ్యాయామ విద్యలో ఉన్నవాళ్లు చెప్పే జవాబు నాకు తెలుసు. ముందు ఆట రావాలి, ఆట రానివాడు ఏం నేర్పుతాడు, పైగా ఉద్యోగాలే లేనప్పుడు నెలల తరబడి ఇంటర్న్‌షిప్ ఎందుకు అంటారు. ఉద్యోగాల మాట నిజం. తెలంగాణ 2024 డీఎస్సీలో 11,062 పోస్టులుంటే పీఈటీలవి 182. కానీ ఆ 182 మంది ఒక్కొక్కరి చేతిలో బడి మొత్తం ఉంటుంది, అందుకే వాళ్లు ఇంకా బాగా తయారవ్వాలి. ఇక ఆట సంగతి, బీపీఎడ్ ప్రవేశ పరీక్ష పీఈసెట్‌లోనే పరుగు, షాట్‌పుట్, జంపు అన్నీ చూసి సీటిచ్చాం కదా. ఆట వచ్చినవాణ్ణే తీసుకుని, రెండేళ్లు మళ్లీ ఆటే ఎక్కువగా నేర్పి, పిల్లలకు ఎలా నేర్పాలన్నది మాత్రం రికార్డు పుస్తకానికి వదిలేస్తున్నాం.

నన్ను అడిగితే ట్రైనీకి మార్కులు వేసే పద్ధతే మార్చాలి. వచ్చిన పరిశీలకుడు లెసన్ ప్లాన్ పక్కన పెట్టి, చేతిలో స్టాప్‌వాచ్ పట్టుకుని, ఆ తరగతిలో అందరికంటే వెనకబడ్డ పిల్లనో పిల్లాణ్ణో ఒక్కరిని ఎంచుకుని, పీరియడ్ మొత్తంలో వాళ్లు ఎన్ని నిమిషాలు ఒళ్లు వంచి కదిలారో రాసుకోవాలి. అమెరికాలో వ్యాయామ విద్య వాళ్లు పీరియడ్‌లో కనీసం సగం సేపు పిల్లలు గట్టిగా కదలాలని లక్ష్యం పెట్టుకున్నారు. మన దగ్గర అరవై మందికి రెండు బంతులు. పన్నెండు మంది ఆడతారు, మిగతావాళ్లు వంతు కోసం నిలబడతారు, ఎనిమిదో తరగతి దాటిన అమ్మాయిలు వేపచెట్టు కింద కబుర్లలో ఉంటారు. ఈ లెక్కన చూస్తే మన 'మంచి పాఠాలు' చాలావరకు ఫెయిలే. రెండు బంతులతో అరవై మందినీ ఎలా కదిలించాలి, చున్నీ సర్దుకుంటూ పక్కకు జరిగే అమ్మాయిని నొప్పించకుండా ఎలా లోపలికి తేవాలి, లావుగా ఉన్న పిల్లాణ్ణి వెక్కిరించే గుంపును ఎలా ఆపాలి అన్నవి అదే బడికి, అదే పిల్లల దగ్గరికి ఒక సెమిస్టర్ పాటు రోజూ వెళ్తేనే వస్తాయి.

ఈ మాటనగానే పతకాల కథ వస్తుంది. వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల టీ20 (మేధో వైకల్యం ఉన్నవాళ్ల) విభాగంలో కాంస్యం గెలిచింది, ఆమె పరుగును ముందుగా పట్టుకుంది బళ్లో పీఈటీ సారే. ఆయనకు దండం పెట్టాల్సిందే. అయితే ఒక దీప్తిని పట్టుకోవడం ఎంత అవసరమో, ఆమె పక్కన కూర్చున్న మామూలు పిల్లల ఒంటికి అలవాటు నేర్పడమూ అంతే అవసరం. మన దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్లు దాటారని ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో చెప్పింది. ఆ పది కోట్ల మందిలో చాలామంది బళ్లో ఆటల పీరియడ్‌లో ఏం చేసి ఉంటారంటారు? సిలబస్ అవ్వలేదని లెక్కల సారు అడిగితే పీఈటీ సారు ఆ పీరియడ్ ఇచ్చేసి ఉంటారు.

అసలు చట్టమే పీఈటీని సగం మనిషిగా చూసింది. విద్యాహక్కు చట్టం షెడ్యూల్‌లో 6 నుంచి 8 తరగతుల్లో వంద మంది దాటితే వ్యాయామ విద్యకు 'పార్ట్‌టైమ్' ఇన్‌స్ట్రక్టర్ అని రాశారు. అదే షెడ్యూల్‌లో ఆటస్థలం ఉండాలని కూడా ఉంది, మరి అపార్ట్‌మెంట్ లాంటి భవనంలో మూడో అంతస్తు దాకా క్లాసులు నడిపే కార్పొరేట్ బడికి గుర్తింపు ఎలా వచ్చింది? ఫీజు రసీదులో స్పోర్ట్స్ అని ఒక గడి ఉంటుంది, కింద సెల్లార్‌లో స్కూల్ బస్సులుంటాయి. గ్రౌండ్ ఉంటుంది కాబట్టి ట్రైనీలు ఎక్కువగా సర్కారు హైస్కూళ్లకే వెళ్తారు, లక్షలు కట్టే తల్లిదండ్రుల పిల్లలకు ఆ సగం సగం పాఠం కూడా దొరకదు.

కాబట్టి ట్రైనీలను ఆ బడులకు కూడా పంపండి. రికార్డు మొదటి పేజీలో గ్రౌండ్ పొడవు, వెడల్పు, బంతులెన్ని, వారంలో నిజంగా జరిగిన ఆటల పీరియడ్లెన్ని అని వాళ్లతోనే రాయించండి. ఆ పేజీ కాపీ డీఈఓ ఆఫీసుకు వెళ్లాలి, గుర్తింపు రెన్యువల్ ఫైలు వచ్చినప్పుడు రెండూ పక్కపక్కన పెట్టుకుని చూశాకే సంతకం పెట్టాలి.