తెరిచి ఉంచిన తలుపు ఎక్కడుంది?

బెంగళూరులో టౌన్ హాల్ అనే పేరుతో రెండు వ్యవస్థలున్నాయి. మొదటిది జె.సి. రోడ్డులోని పుట్టణ్ణ చెట్టి పురభవనం. 1935 నాటి ఆ భవనం మెట్ల మీద, కడుపు మండిన జనం దశాబ్దాల పాటు నిలబడి గొంతెత్తి తమ మాట చెప్పుకున్నారు. రెండోది మారతహళ్లి దగ్గర మా ఆఫీసులో మూడు నెలలకొకసారి జరుగుతుంది. అక్కడ అందరి మైకులూ మూయించి, మా నాయకులవారు ఒక్కరే గంటసేపు మాట్లాడి, దానికి సంభాషణ అని పేరు పెడతారు.

గత సమావేశం చివర ఆయన ఎప్పటిలాగే "నా తలుపు మీకోసం ఎల్లవేళలా తెరిచే ఉంటుంది" అని సెలవిచ్చారు. ఇన్నేళ్లుగా విన్న మాటే అయినా, ఈసారి దాన్ని అక్షరాలా నమ్మి, ఆ తలుపును ఒక్కసారి దర్శించుకు వద్దామని బయల్దేరాను.

మా అంతస్తులో గోడలు లేవు; గోడలుంటే సోదరభావం దెబ్బతింటుందని ఎప్పుడో పడగొట్టించారు. గోడే లేని చోట తలుపు ఎలా ఉంటుందన్న అనుమానం నాబోటి అల్పులకు వస్తుంది గానీ నాయకత్వ శిక్షణ పొందినవారికి రాదు. మిగిలిన నాలుగు అద్దాల గదులకు నదుల పేర్లు పెట్టారు (మీ ఆఫీసులో కొండల పేర్లు ఉండవచ్చు, తేడా ఏమీ లేదు). తుంగభద్రలో ఆయన కూర్చుని కనిపించారు. దానికి తలుపు కూడా ఉంది, కానీ కార్డు చూపితే తప్ప తెరుచుకోదు. నా కార్డుకు ఆ యోగ్యత లేదు. అద్దం మీద వేలితో తట్టాను. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్న ఆయన నన్ను చూసి ఎంతో ఆత్మీయంగా బొటనవేలు పైకెత్తారు. నేనూ ఎత్తాను. ఆయన సంతోషించి మళ్లీ ఎత్తారు. ఇలా ఏ విషయాన్నో తెలియకుండానే మేమిద్దరం కాసేపు పరస్పరం ఆమోదించుకున్నాక, ఆయన సహాయకుడు వచ్చి, తలుపు తెరిచే ఉందని, లోపలికి రావడానికి మాత్రం వచ్చే నెల 18 తర్వాత పావుగంట దొరకవచ్చని, చెప్పదలచినదాన్ని ముందే మూడు స్లైడ్లలో పంపితే ఆ పావుగంట అవసరం కూడా పడకపోవచ్చని తెలియజేశాడు.

మర్నాడు పొద్దున కింద గేటు దగ్గర మా అంతస్తు తుడిచే మదనపల్లె ఆవిడ తన కార్డును కొంగుతో తుడిచి తుడిచి యంత్రానికి ఆనిస్తోంది. "మిషన్ చెడిపోయినట్టుంది సార్, ఎర్ర లైటే వస్తాంది. పైన వాళ్లకు ఒక మాట చెప్తారా?" అని అడిగింది.

మిషన్ చెడిపోలేదు. ఆమె పేరును జాబితాలోంచి కొట్టేశారు. కాంట్రాక్టరు చెప్పి ఉంటాడని కంపెనీవారు అనుకున్నారట, కంపెనీవారు చెప్పి ఉంటారని కాంట్రాక్టరు అనుకున్నాడట. నాయకులవారిది గుంటూరు జిల్లా. ఆమెతో మాట్లాడడానికి దుబాసీ కూడా అక్కర్లేదు. పారదర్శకత మీద గంటసేపు ఊదరగొట్టిన నోటికి, ఎనిమిదేళ్లు తన బల్ల తుడిచిన మనిషి ఎదుట నిలబడి "రేపట్నుంచి పని లేదమ్మా" అని చెప్పే దమ్ము లేకపోయింది. ఆ ముక్క ఎర్ర లైటు చేత చెప్పించారు. సిగ్గుండాలి.

పారిశ్రామిక వివాదాల చట్టంలో 1953లో 25-ఎఫ్ సెక్షన్ చేర్చినప్పుడు, ఏడాదికి తగ్గకుండా పనిచేసిన కార్మికుణ్ణి తొలగించాలంటే కారణం చూపుతూ రాతపూర్వకంగా నెల ముందు నోటీసు ఇవ్వాలని, లేదంటే ఆ నెల జీతం చెల్లించాలని పెట్టారు. 2020 నాటి పారిశ్రామిక సంబంధాల స్మృతిలోనూ ఆ షరతు అలాగే ఉంది. అది రాసినవారెవరూ కమ్యూనికేషన్ తరగతులకు వెళ్లి ఉండరు.

ముందురోజు మర్చిపోయిన టిఫిన్ క్యారియరు పైన ఉందని ఆమె అంటే, వెళ్లి తెచ్చాను. గేటు దగ్గర సెక్యూరిటీ అతను ఆపాడు. లోపలి వస్తువు బయటికి పోవాలంటే గేట్ పాస్ ఉండాలట: వస్తువు పేరు, సంఖ్య, పంపడానికి కారణం, కింద మేనేజరు సంతకం. కారణం దగ్గర ఏం రాయాలని నన్నే అడిగాడు. అన్నీ రాయించి, సంతకం తెప్పించి, 'తిరిగి వచ్చేది', 'తిరిగి రానిది' అన్న రెండు గళ్లలో రెండోదానికి టిక్కు పెట్టి, కార్బన్ కాపీ చింపి ఆమె చేతికిచ్చాడు.