నిధి ఉంది, ఆశపడేవాడేడీ?

1954లో వచ్చిన 'సీక్రెట్ ఆఫ్ ది ఇంకాస్' ఇప్పుడు చూస్తే ఎవరికైనా ఇండియానా జోన్స్ గుర్తొస్తాడు. చార్ల్‌టన్ హెస్టన్ తలమీద అదే తరహా టోపీ, ఒంటిమీద అదే తోలు జాకెట్. వెలుగు కిరణం పడిన చోట నిధి ఆచూకీ దొరకడం కూడా అందులో ఉన్నదే. ఇండియానా తొలి సినిమా, 1981 నాటి 'రైడర్స్ ఆఫ్ ది లాస్ట్ ఆర్క్' కాస్ట్యూమ్ డిజైనర్ డెబొరా నడూల్మన్ ఈ పోలికను దాచలేదు. టీమంతా కలిసి ఆ సినిమా చూశామనే చెప్పారు.

కాకపోతే హెస్టన్ వేసిన హ్యారీ స్టీల్ పచ్చి స్వార్థపరుడు. పెరూలో టూరిస్టులను తిప్పుకుంటూ, ఇంకాల బంగారు సూర్యబింబాన్ని ఎలా కాజేయాలా అని చూస్తుంటాడు. చివర్లో గానీ మనసు మారదు. ఇండియానా అలా కాదు, ప్రొఫెసర్. వెతికేది మ్యూజియం కోసం. జాకెట్ వచ్చింది గానీ దాని లోపలి దొంగ రాలేదు. నిధి వేట సినిమాలు పలచబడటం అక్కడే మొదలైందని నా అనుమానం.

పాత కథల్లో భయపెట్టేది పాములూ లోయలూ కాదు, పక్కనున్న మనిషి. 'ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ' (1966)లో టూకో తన శత్రువును ఎండలో ఎడారంతా నడిపించి, నీళ్ళివ్వకుండా చంపబోతాడు. ఈలోగా రెండు లక్షల డాలర్ల రహస్యం రెండు ముక్కలవుతుంది. శ్మశానం పేరు టూకోకి తెలుసు, ఏ సమాధో అవతలివాడికే తెలుసు. అంతే, చంపబోయినవాడే బతిమాలి నీళ్ళు తాగించి, మోసుకెళ్ళి వైద్యం చేయిస్తాడు. 'మెకన్నాస్ గోల్డ్' (1969)లోనూ ఇదే కిటుకు. గ్రెగరీ పెక్ మ్యాప్ చూసి కాల్చేస్తాడు. ఇక మ్యాప్ అతని బుర్రలోనే ఉంది కాబట్టి బందిపోటు అతణ్ణి చంపలేడు. అమెరికాలో ఆడని ఆ సినిమాకు మన దేశంలో జనం విరగబడ్డారు.

ఆ కౌబాయ్ గాలి మనకీ తగిలింది. కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వంలో, ఆరుద్ర రచనతో వచ్చిన కృష్ణ 'మోసగాళ్ళకు మోసగాడు' (1971) పేరులోనే ఎవర్నీ నమ్మొద్దని చెప్పేసింది. రాజస్థాన్ ఇసుకలో గుర్రాలు పరిగెత్తడం ఒక ఎత్తు, హీరో ఎప్పుడు ఎవరికి టోకరా వేస్తాడో తెలియకపోవడం ఇంకో ఎత్తు.

తర్వాత మన హీరోలు మరీ మంచివాళ్ళైపోయారు. 'అంజి' (2004)లో ఆత్మలింగం మీద ఆశంతా విలన్‌దే. 'కార్తికేయ 2' (2022) హీరో వెతికే కృష్ణుడి కడియం లోకకల్యాణం కోసం. గ్రాఫిక్స్ బాగున్నాయి, పజిల్స్ బాగున్నాయి, రెండో సినిమా హిందీలోనూ బాగా ఆడింది. కానీ నిధి ఎదురుగా కనబడ్డాక హీరో ఏం చేస్తాడో ఫస్టాఫ్‌లోనే చెప్పేయొచ్చు. దేవుడి సొత్తు అన్నాక అతను జేబులో వేసుకోడు కదా!

ఈ వరసలో నాకు నచ్చిన మినహాయింపు చంద్రశేఖర్ యేలేటి 'సాహసం' (2013). గోపీచంద్ అందులో ఏటీఎం సెక్యూరిటీ గార్డు. ఎలాగైనా డబ్బున్నవాడు కావాలన్నది అతని కల, అందుకు సిగ్గేమీ పడడు. పాకిస్తాన్ దాకా వెళ్ళేది ఆ ఆశతోనే. అయితే యేలేటి కూడా ఒక చోట జాగ్రత్తపడ్డారు. ఆ సంపద తాతదేనని ముందే తేల్చేశారు. తాత ఊసెత్తకుండా, ఎవరిదో తెలియని సొమ్ము కోసం పంపి ఉంటే, తలుపు తెరుచుకున్నాక అతనేం చేస్తాడోనన్న టెన్షన్ మనకి చివరిదాకా ఉండేది.