సవరణ: ఎన్‌ఫీల్డ్ కేసును పరిశోధించింది వారెన్ దంపతులు కాదు

ఉత్తర లండన్‌లోని ఎన్‌ఫీల్డ్‌లో ఒక ఇంట్లో 1977లో మొదలైన వింత చప్పుళ్లు, వస్తువులు ఎగిరిపడడం గురించి ఇంతకుముందు వ్యాసం రాస్తూ, ఆ పరిశోధన నడిపింది అమెరికాకు చెందిన దయ్యాల పరిశోధకులు వారెన్ దంపతులని పేర్కొన్నాను. అది తప్పు, ‘ది కంజురింగ్ 2’ సినిమా కథను చరిత్ర అనుకున్నాను. నెలల తరబడి ఆ ఇంటికి వెళ్లి, టేపు రికార్డర్లు పెట్టి పరిశీలించినవారు బ్రిటన్‌లో ఇలాంటి అతీంద్రియ ఘటనలను పరిశీలించే సొసైటీ ఫర్ సైకికల్ రీసెర్చ్ సభ్యులు మారిస్ గ్రాస్, గై లయన్ ప్లేఫెయిర్. వారెన్లు వచ్చి ఉన్నది కొద్దిసేపేనని ప్లేఫెయిరే తర్వాత చెప్పారు.

కుర్చీ కదలడం చూశానన్న మహిళా కానిస్టేబులు వాంగ్మూలం మాత్రం ఉన్నదే. ఎలా కదిలిందో ఆమె చెప్పలేకపోయారు. ఇంకొకటి, కొన్ని చేష్టలు తమవేనని ఆ ఇంటి పిల్లలు ఒప్పుకున్నారు. నా వ్యాసంలో ఆ ఊసే లేదు.