శకుంతల రైలు ఇంకా తెల్లవాళ్ల చేతిలోనే ఉందా?

‘దేశంలో ఇప్పటికీ బ్రిటిష్ వాళ్ల సొంతమైన ఏకైక రైలు మార్గం శకుంతల. 1951లో రైల్వేలను జాతీయం చేసినప్పుడు దీన్ని మరిచిపోయారు. నేటికీ వాళ్ల ఆవిరి ఇంజినే లాగుతోంది. ఏటా 1.20 కోట్లు లండన్‌కు కడుతున్నాం. వాళ్లు వదిలితే ఊటీ బండిలా టూరిస్టులతో కళకళలాడేది.’

పంద్రాగస్టు వస్తే చాలు, ఈ మెసేజ్ మా ఇంటి వాట్సాప్ గ్రూపులో దిగిపోతుంది. ఈసారి బాబాయ్ పంపారు. ఆదిలాబాద్ నుంచి పెన్‌గంగ నది దాటితే వచ్చే మహారాష్ట్రలోని యవత్మాల్ కథ ఇది. మన పక్కింటి సంగతే కాబట్టి ఊరుకోలేకపోయాను.

బొంబాయిలో 1857లో పుట్టిన కిలిక్ నిక్సన్ అనే బ్రిటిష్ సంస్థ 1910లో సెంట్రల్ ప్రావిన్సెస్ రైల్వే కంపెనీ పెట్టి, విదర్భ పత్తిని రేవుకు చేర్చడానికి ఈ నారోగేజ్ (పట్టాల మధ్య దూరం తక్కువగా ఉండే) లైను వేయించింది. అంతవరకు నిజం. కానీ స్వాతంత్ర్యం తర్వాత కిలిక్ నిక్సన్ భారతీయుల చేతికి వచ్చింది. ఆ లైను మీద మన రైల్వే నడిపిన బండ్ల రాబడిలో ఒప్పందం ప్రకారం వాటా దక్కింది ఆ కంపెనీకి. అంకె ఎంతైనా, అది చేరే చిరునామా లండన్ కాదు.

మరిచిపోయారన్న మాటైతే మరీ విడ్డూరం. పదేళ్లకోసారి తిరగరాసుకునే ఒప్పందాన్ని ఎవరైనా ఎలా మరిచిపోతారు? కంపెనీ లైన్లను ప్రభుత్వాలు ఒక్కొక్కటిగానే కొన్నాయి. మన నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వేను లండన్ కంపెనీ నుంచి నిజాం ప్రభుత్వం 1930లో కొంది. బార్శీ లైట్ రైల్వే 1954లో మన సర్కారు చేతికొచ్చింది. శకుంతలను కొనలేదు, అంతే.

ఆవిరి ఇంజిను ముచ్చట పాతది. 1921లో మాంచెస్టర్‌లో తయారై, 1923 నుంచి బండి లాగింది. (పత్తి మాంచెస్టర్‌కు, ఇంజిను మాంచెస్టర్ నుంచి!) 1994 ఏప్రిల్ 15న దాని స్థానంలో డీజిల్ వచ్చింది. ఇప్పుడైతే బండే లేదు, కొన్నేళ్ల కిందట ఆపేశారు.

ఇక టూరిస్టు బండి. మెసేజ్‌లో అన్నిటికన్నా తేలిగ్గా నమ్మేది ఇదే. కాల్కా–సిమ్లా లైనుదీ ఇదే 762 మి.మీ. గేజ్, కానీ అక్కడ కొండలున్నాయి, లైను శాశ్వతంగా ఏనాడూ మూతపడలేదు. మూతపడ్డ దారిని లేపడం ఎంత కష్టమో చూడాలంటే ఇంగ్లండ్‌లోని ఆల్‌స్టన్‌కు వెళ్లాలి. అక్కడి స్టాండర్డ్ గేజ్ (నారోగేజ్ కన్నా వెడల్పు, మన బ్రాడ్‌గేజ్ కన్నా ఇరుకు) లైనును 1976లో మూసేశారు. అదే దారిలో స్వచ్ఛంద కార్యకర్తలు కొత్తగా నారోగేజ్ పట్టాలు పరిచి, 1983లో చిన్న టూరిస్టు రైలు మొదలెట్టారు. స్లాగీఫోర్డ్ దాకా, అంటే సుమారు 8 కి.మీ. వెళ్లేసరికి 2018 వచ్చింది. అక్కడ ఏ పరాయి కంపెనీ అడ్డుపడలేదు. డబ్బు, వంతెనలు, మనుషులు, ఇవే జాప్యం. శకుంతలది యవత్మాల్ నుంచి ముర్తిజాపూర్ మీదుగా అచల్‌పూర్ దాకా దాదాపు 190 కి.మీ.

పైగా ఆ ఊళ్లవాళ్లు గట్టిగా అడుగుతున్నది బ్రాడ్‌గేజ్. అది వస్తే చిన్న పట్టాలు పోతాయి. రెండింట్లో ఏది కావాలో తేల్చాల్సింది ఢిల్లీలో, ముంబయిలో. బాబాయ్‌కి ఇదంతా రాసి పంపాను. ఇంకా నీలం టిక్కులు పడలేదు.