శ్రీ ‘అంతా కలే’ గారి దివ్యసముఖమునకు

అయ్యా,

తక్కువ బడ్జెట్ హారర్ సంకలన చిత్రాలకు తమరు చేస్తున్న సేవను చూసి తట్టుకోలేక, కెమెరా వెనకా ఎడిటింగ్ టేబుల్ ముందూ కూర్చునేవాళ్ళం రాస్తున్న లేఖ ఇది. పీడకలల మీద ఐదు కథలు, ఒకటే పడకగది, ఐదు దుప్పట్లు. దుప్పటి మారితే కథ మారినట్టు. ఏ కథకూ ముగింపు రాయనక్కర్లేదు, చివర్న ‘ఇదంతా కలే’ అని తేల్చేయడానికి తమరున్నారు కదా! దెయ్యం పీక పట్టుకోగానే హీరో ఉలిక్కిపడి లేచి కూర్చుంటాడు. ఒళ్ళంతా చెమట, గోడ గడియారంలో మూడు గంటలు. రచయితకు శ్రమ మిగిలింది, నిర్మాతకు గ్రాఫిక్స్ ఖర్చు మిగిలింది. ప్రేక్షకుడికి ఏం మిగిలిందని అడిగే ఆచారం మనకెలాగూ లేదు.

ముందు ఆ చెమట సంగతి. స్ప్రే సీసాలో గ్లిజరిన్, నీళ్ళు చెరిసగం పోసి నుదుటికి, పైపెదవికి, మెడ గుంటకు కొట్టాలి. వట్టి నీళ్ళయితే లైట్ల వేడికి రెండో టేకుకల్లా ఆరిపోతాయి. వట్టి గ్లిజరిన్ అయితే చుక్క జారదు, అతికించినట్టు నిలబడిపోతుంది. ఇంతవరకూ మేకప్ వాళ్ళకు తెలుసు. దిండు తడపాలని మాత్రం ఎవరికీ తోచదు. ముఖం మీద వాన, దిండు మీద కరువు. క్లోజప్ పొద్దున, వైడ్ సాయంత్రం తీస్తారు కాబట్టి బనీను మెడ ఎంతవరకు తడిసిందో ఫోటో తీసి పెట్టుకోకపోతే, హీరో ఒకే కలకు రెండు రకాలుగా చెమటోడుస్తాడు.

ఇక ఫ్యాను. షూటింగ్‌లోనే మాటలు రికార్డు చేసే సింక్ సౌండ్‌కు అడ్డమని షాట్‌లో దాన్ని ఆపేస్తారు. మిక్సింగ్‌లో దాని చప్పుడు మళ్ళీ తెచ్చి కలుపుతారు. తెర మీద రెక్క కదలదు, దోమతెర ఊగదు, చప్పుడు మాత్రం వినిపిస్తూంటుంది. సినిమా మొత్తంలో అసలైన దెయ్యం అదొక్కటే, దాన్నీ ఎవరూ గుర్తించరు. లైట్ల కథ ఇంకోటి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చవక ఎల్‌ఈడీ బల్బు సెకనుకు 100 సార్లు మిణుకుతుంది. సెకనుకు 24 ఫ్రేములు తీసే కెమెరాలో, ఒక్కో ఫ్రేము మీద వెలుగు ఎంతసేపు పడాలో తేల్చే షట్టర్ కోణాన్ని 180 డిగ్రీల దగ్గరే వదిలేస్తే గది వెలుగు సన్నగా కొట్టుకుంటుంది. 172.8కి మారిస్తే, అంటే సెకనులో 50వ వంతుకు తెస్తే, ఆగిపోతుంది. మార్చరు. రషెస్ (ఎడిట్ చేయని షాట్లు) చూసి డైరెక్టరుగారు దాన్ని ‘మూడ్’ అంటారు.

తమరి ఆస్థాన విద్వాంసుడు, ఆ ‘ఢాం’ శబ్దం గురించి కూడా రెండు ముక్కలు. అది పడే ముందు గది శబ్దమంతా తీసేసి సెకనో రెండు సెకన్లో నిశ్శబ్దం పెట్టడం రివాజు. ఫ్యాన్ చప్పుడు ఆగగానే హాల్లో పిల్లలు చెవులు మూసుకుంటున్నారు. అంటే భయం రాకముందే దాని టైమ్‌టేబుల్ వచ్చేస్తోంది. 1942లో ‘క్యాట్ పీపుల్’ అనే హారర్ సినిమా తీసినవాళ్ళు ఒట్టి నిశ్శబ్దం మీదే ఆధారపడలేదు. నడుస్తున్న అమ్మాయి వెనక ఏదో వస్తోందని మనల్ని నమ్మించి, పక్కనుంచి బస్సును తెచ్చి బుస్సుమనిపించారు. దెయ్యమూ లేదు, కలా లేదు, సిటీ బస్సు! తమరి విద్వాంసుడేమో 35 హెర్ట్జ్ లోతు గర్జన పెట్టి మురిసిపోతాడు. ఫోన్ స్పీకరుకు అది అందదు. దాని మీద ఫోన్ పలికించగల పై స్థాయి ధ్వనులు కూడా చేర్చకపోతే, ఫోన్‌లో చూసేవాళ్ళకు అక్కడ ఏమీ వినపడదు.

అసలు ఫిర్యాదు ఇది. తమరికి నిద్ర సంగతి బొత్తిగా తెలియదు. పీడకలలు ఎక్కువగా రాత్రి రెండో సగంలో, రెమ్ నిద్రలో, అంటే మూసిన రెప్పల కింద కనుగుడ్లు చకచకా కదిలే దశలో వస్తాయి. అప్పుడు కాళ్ళూ చేతులూ కట్టేసినట్టు ఉంటాయి. మెలకువ వచ్చాక కల పూసగుచ్చినట్టు గుర్తుంటుంది. లేచి కూర్చుని, కళ్ళు తెరిచి, చెమటతో గావుకేక పెట్టేది వేరే జబ్బు. దాన్ని నైట్ టెర్రర్ అంటారు, పిల్లల్లో ఎక్కువ. అది గాఢనిద్రలో, సాధారణంగా రాత్రి మొదటి మూడో వంతులో వస్తుంది. తెల్లారాక చాలామందికి ఏమీ గుర్తుండదు. అంటే కల గుర్తున్నవాడు అలా అరవడు, అలా అరిచినవాడికి చెప్పడానికి కథే ఉండదు. తమరు ఒకరి గడియారాన్ని, ఇంకొకరి కేకను తెచ్చి ఒకే మంచం మీద పడేశారు.

రెంటికీ మధ్య డబ్బు ఖర్చులేని భయం ఒకటుంది, దాన్ని తమరు ఎప్పుడూ తొక్కేస్తారు. మెలకువ వచ్చినా ఒళ్ళు ఇంకా లేవదు. గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుంటుంది. వైద్యులు స్లీప్ పెరాలిసిస్ అంటారు. కొన్ని సెకన్ల నుంచి రెండు మూడు నిమిషాలు. దీనికి కావలసింది కనుగుడ్లు మాత్రమే కదిపే నటుడు, తలుపు వెనక హ్యాంగరుకు ఒక చొక్కా. ఫోకస్ కళ్ళ మీద నుంచి చొక్కా మీదికి, మళ్ళీ కళ్ళ మీదికి. అంతే.

కలను పెద్ద కథకు చట్రంగా వాడటం తప్పని మేమనడం లేదు. 1945లో బ్రిటన్‌లో ఈలింగ్ స్టూడియో ‘డెడ్ ఆఫ్ నైట్’ తీసింది. నలుగురు దర్శకులు, ఒక్క కల, ముగింపు తిరిగి మొదలుకే చేరుతుంది. దాన్ని చూసొచ్చాకే హాయిల్, బాండీ, గోల్డ్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలకు ఆదీ అంతమూ లేని విశ్వం ఆలోచన తట్టిందంటారు. 1948లో సిద్ధాంతం ప్రకటించారు. తమరి వల్ల పుట్టేది పార్ట్ టూ.

నిద్రలేమి కథకైతే తమరు రానేవద్దు, వాడు నిద్రపోతేనే కదా కల! 1963 డిసెంబరు చివరి నుంచి 1964 జనవరి దాకా ర్యాండీ గార్డ్‌నర్ అనే 17 ఏళ్ళ కుర్రాడు 264 గంటలు మేలుకున్నాడు. 100 నుంచి ఏడేసి తీసేయమంటే 65 దాకా వచ్చి ఆగాడు. ఎందుకాగావంటే, ఏం చేస్తున్నానో మర్చిపోయానన్నాడు. ఒక గోడ, ఒక కుర్చీ, ఒక్క టేకు. తమరి సినిమాల్లో ఈ భాగాన్ని మొదటి రోజు పొద్దున్నే, నటుడు ఇంట్లో ఎనిమిది గంటలు పడుకొచ్చాక పెడతారు. ఆపైన కళ్ళ కింద కాటుక పులుముతారు. నిద్ర లేనివాడికి రెప్పలు, పెదవుల కొసలు కూడా వాలతాయి. ఆ షెడ్యూలు మార్చడానికి నిర్మాతకు పైసా ఖర్చు లేదు, ప్రొడక్షన్ మేనేజరుకు ఒక ఫోన్ కాల్ చాలు.

ఇట్లు,
తమరి టేకుకో దిండు మార్చే యూనిట్